బాల్ లోపలికి వేసేటప్పుడు ఏం జరుగుతుందంటే – తల్లిదండ్రులకి హెడ్‌మిస్ట్రెస్ ఉత్తరం

అమ్మానాన్నలకి, మ్యాచ్‌లకి తప్పకుండా వచ్చే తాతయ్యలకి నమస్కారం.

ఈ నెల హాఫ్ ఇయర్లీ మార్కుల గురించి రాద్దామనుకున్నా గానీ ప్రోగ్రెస్ కార్డులు ఎలాగూ ఇళ్ళకి వచ్చేశాయి, చూసుకునే ఉంటారు, వాటి జోలికి పోను. పోయిన శనివారం పాతపట్నం పిల్లలు వచ్చి మన గ్రౌండ్‌లో బాస్కెట్‌బాల్ ఆడారు కదా, దాని గురించి రాస్తాను. ఆంధ్రా-ఒడిశా బార్డర్ దాటి అట్నుంచి వాళ్ళ పేరెంట్స్ కూడా వచ్చారు, మన పర్లాకిమిడి వాళ్ళు ఎలాగూ ఉన్నారు, తెలుగులో ఒడియాలో కలిపి బాగానే కేకలేశారు, సంతోషమే. కానీ గొడవ అయిన ప్రతిసారీ ఒక్క దగ్గరే అయింది, బాల్ బయట్నుంచి లోపలికి వేసే దగ్గర. బాస్కెట్ పడిందా లేదా అన్నదాని మీద ఎవరికీ పేచీ లేదు, ఆ త్రో-ఇన్ రాగానే మాత్రం రిఫరీగా ఉన్న మన పీఈటీ సార్ మీద అందరూ లేచారు. సార్ ఇచ్చిన డెసిషన్లన్నీ తర్వాత నేను ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సంఘం) రూల్స్‌తో సరిచూశాను, అన్నీ రూల్ ప్రకారమే ఉన్నాయి. అందుకే ఈ లెటర్.

మన వైపు ఫుట్‌బాల్ చూసి పెరిగినవాళ్ళు ఎక్కువ కాబట్టి మొదటి కంప్లైంట్ అక్కణ్ణుంచే వచ్చింది. "రెండు చేతుల్తో తలమీంచి కదేటండీ వెయ్యాల, ఒంటిచేత్తో ఇసిరేస్తన్నాడు" అని ఒక తాతగారు చాలాసేపు అరిచారు. అది ఫుట్‌బాల్ రూలండీ. ఇక్కడ ఒంటిచేత్తో వెయ్యొచ్చు, ఛాతీ దగ్గర్నుంచి తొయ్యొచ్చు, నేలకి కొట్టి బౌన్స్ చేసి ఇవ్వొచ్చు. కాలు గీత మీద పడినా తప్పు లేదు, ఎందుకంటే బాస్కెట్‌బాల్‌లో గీత కూడా కోర్టు బయట కిందే లెక్క. బాల్ చేతిలో ఉండగా గీత దాటి లోపల అడుగు పెడితేనే వయలేషన్, అంటే రూల్ తప్పడం. వాలీబాల్ సర్వీస్‌లో గీత తొక్కితే పోతుంది కదా, అది మనసులో పెట్టుకుని ఇక్కడ అరవకండి.

ఇంక ఐదు సెకన్లు. రిఫరీ బాల్ చేతికిచ్చిన క్షణం నుంచి ఐదు సెకన్లలోపు పిల్లాడు బాల్ వదిలెయ్యాలి, లేకపోతే అదే చోట అవతలి టీమ్‌కి పోతుంది. ఈ ఐదు సెకన్లు ఇవాళ పుట్టినవి కావు. అమెరికాలో స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ 1891లో ఈ ఆట తయారుచేసినప్పుడు రాసిన 13 రూల్స్‌లోనే ఉంది, లోపలికి వేసేవాడికి ఐదు సెకన్లు, ఎక్కువ పట్టుకుంటే ఎదుటివాళ్ళకి అని. తమాషా ఏంటంటే అప్పట్లో బయటికి పోయిన బాల్‌ని ఎవరు ముందు ముట్టుకుంటే వాళ్ళదే, అంటే బాల్ బయటికి పోవడం ఆలస్యం అందరూ దాని వెనకాల పరుగే. ఇప్పుడైతే ఎవరి చేతి మీంచి చివరగా బయటికి పోయిందో చూసి ఎదుటి టీమ్‌కి ఇస్తారు, తోపులాట లేదు, మన పిల్లల మోకాళ్ళు దక్కాయి.

అసలు పెద్ద గొడవ నడవడం దగ్గర. పాతపట్నం అబ్బాయి ఎండ్‌లైన్ (బాస్కెట్ వెనక గీత) వెనకాల బాల్ పట్టుకుని ఈ చివర్నుంచి ఆ చివరికి పరిగెత్తాడు, మనవాళ్ళు "ట్రావెలింగ్, ట్రావెలింగ్" (బాల్ కొట్టకుండా పట్టుకుని నడిచేస్తున్నాడు) అన్నారు, రిఫరీ ఊరుకున్నాడు. కాసేపటికి మన అబ్బాయి సైడ్‌లైన్ దగ్గర రెండడుగులు పక్కకి జరిగాడు, వెంటనే విజిల్. అంతే, "వాళ్ళకో రూలూ మనకో రూలూ" అని మొదలైంది. నిజానికి అవి రెండు వేరే సందర్భాలండీ. మన టీమ్ బాస్కెట్ వేసింది కాబట్టి వాళ్ళు ఎండ్‌లైన్ వెనక ఎక్కడ్నుంచైనా వెయ్యొచ్చు, పరిగెత్తొచ్చు, అక్కడే వెనకాల నిలబడ్డ ఇంకో పిల్లాడికి పాస్ కూడా ఇచ్చుకోవచ్చు, ఐదు సెకన్ల లెక్క మాత్రం మొదటివాడి చేతిలోకి బాల్ రాగానే మొదలైపోతుంది, చేతులు మారినా లెక్క ఆగదు. ఫౌల్‌కి ఇచ్చే ఫ్రీ త్రోల్లో (ఎవరూ అడ్డు లేకుండా బాస్కెట్‌కి వేసేవి) చివరిది పడినా ఇంతే. అదే ఫౌల్ వల్లో బాల్ బయటికి పోవడం వల్లో రిఫరీ ఒక చోటు చూపించి ఇస్తే, ఆ చోటు నుంచి పక్కలకి మొత్తం కలిపి ఒక మీటరు దాటి జరగకూడదు. వెనక్కి మాత్రం చోటున్నంత వరకు పోవచ్చు. మన అబ్బాయి పక్కకి జరిగింది మీటరు కన్నా ఎక్కువే.

ఇంకొకటి, అప్పుడు నా పక్కన కూర్చున్న అమ్మగారు నన్నే అడిగారు. మన వాడు వేసిన బాల్ ఎవరికీ తగలకుండా కోర్టు మొత్తం దాటి అవతలి సైడ్‌లైన్ బయటికి పోయింది. వాళ్ళకి అటు పక్క ఇవ్వాలి కదా, ఇటు పక్క మన బాస్కెట్ దగ్గర ఎందుకిచ్చారు అని. లోపల ఎవరూ ముట్టుకోకుండా బయటికి పోతే త్రో-ఇన్ ఎక్కడ్నుంచి వేశారో అక్కడికే వెనక్కొస్తుంది, అదే శిక్ష. అలాగే వేసినవాడు తనే లోపలికొచ్చి ఎవరూ ముట్టకముందే పట్టుకోకూడదు, త్రో-ఇన్ నేరుగా బాస్కెట్‌లో పడినా పాయింట్లు రావు.

మధ్యలో జంప్ బాల్ (ఇద్దరి మధ్య రిఫరీ బాల్ పైకి ఎగరెయ్యడం) ఎందుకు వెయ్యలేదని కూడా అడిగారు. జంప్ బాల్ మ్యాచ్ మొదట్లోనే, మిగతా మూడు క్వార్టర్లు సెంటర్ లైన్ దగ్గర త్రో-ఇన్‌తో మొదలవుతాయి, ఎవరి వంతో టేబుల్ మీద బాణం గుర్తు చెప్తుంది.

ఇప్పుడు చివరి రెండు నిమిషాలు, గుండెలు ఎక్కువ కొట్టుకునేది ఇక్కడే. మనం రెండు పాయింట్లు వెనకున్నాం, మన పిల్లాడు సైడ్‌లైన్ బయట బాల్ పట్టుకున్నాడు, వెనకనుంచి "టైమైపోతంది, ఇసిరియ్‌రా బావూ" అని పది గొంతులు. టైమ్ ఏమీ ఐపోవట్లేదండీ. అప్పుడు గడియారం ఆగి ఉంది. లోపలున్న ఎవరో ఒకరు బాల్ ముట్టుకున్నాకే నడుస్తుంది. ఆడుతున్నది ఆ ఐదు సెకన్లే, అందులో వాడు మనవాళ్ళలో ఎవరు ఖాళీగా ఉన్నారో చూడాలి, లోపల్నుంచి తోటివాళ్ళు పిలిచేది వినాలి. మీ కేకల్లో అది వినపడలేదు, వాడు కంగారుగా ఇసిరేశాడు, బాల్ వాళ్ళ చేతికి పోయింది. వాడి తప్పు కన్నా మన గోల తప్పే ఎక్కువని నా అభిప్రాయం, కొందరికి కోపం రావచ్చు. "టైమౌట్ అడగండి సార్" అన్నవాళ్ళకి కూడా ఒక మాట, త్రో-ఇన్ వేసేవాడి చేతికి బాల్ ఇచ్చేశాక టైమౌట్ ఇవ్వరు, అది ముందే కోచ్ అడగాలి, ఆడే పిల్లలు అడిగితే చెల్లదు. ముందే అడిగి ఉంటే ఇంకో లాభం ఉంది, మన సగంలో వెయ్యాల్సిన త్రో-ఇన్‌ని ముందు సగం, అంటే మనం బాస్కెట్ వేసే వైపు సగం నుంచి వేస్తామని కోచ్ ఎంచుకోవచ్చు. స్కోర్ టేబుల్‌కి ఎదురుగా సైడ్‌లైన్ బయట చిన్న గీత చూసి ఇదేంటని అడిగారు కొందరు, అందుకే అది, ఎండ్‌లైన్ నుంచి 8.325 మీటర్ల దగ్గర ఉంటుంది.

డిఫెన్స్ పిల్లలకి కూడా హద్దుంది. బాల్ గీత దాటకముందు చెయ్యి గీత మీదుగా బయటికి చాపకూడదు. చివరి రెండు నిమిషాల్లో అయితే రిఫరీ ముందే హెచ్చరిక సిగ్నల్ చూపిస్తాడు, ఆ తర్వాత కూడా చాపితే టెక్నికల్ ఫౌల్, బాల్ వేసే టీమ్‌కి ఒక ఫ్రీ త్రో.

ఇదంతా చెప్పి అసలు రిక్వెస్ట్ చెప్పకపోతే ఎలా. గీత బయట రెండు మీటర్లు ఖాళీ ఉండాలి. అంత లేకపోతే డిఫెన్స్ వాడు వేసేవాడికి మీటరు దూరంలో నిలబడాలి. మొన్న గేటు వైపు సైడ్‌లైన్ దాకా బైకులు పెట్టేశారు, బైకులకీ గీతకీ మధ్య మీటరు కూడా లేదు, మన పిల్లలు బాగా డిఫెన్స్ చేస్తున్న టైంలో రిఫరీ వాళ్ళని వెనక్కి జరపాల్సొచ్చింది. అంటే మన బైకుల వల్ల మనకే నష్టం. వచ్చే ఆదివారం సాయంత్రం 4 గంటలకి ఇంకో మ్యాచ్ ఉంది, బైకులు దయచేసి సైకిల్ షెడ్ వెనకాల పెట్టండి, కుర్చీలు సున్నం గీతకి అవతల వేయిస్తాం, ఎవరూ ముందుకి లాక్కోవద్దు. ఈ లెటర్ ఒడియా కాపీ ఆఫీసులో ఉంది, పక్కింటివాళ్ళకి కావాలంటే తీసుకెళ్ళండి.

ఇట్లు,
మీ హెడ్‌మిస్ట్రెస్