డైవింగ్ కార్డు హాజరు చూసి ఇచ్చేది కాదు

సంపాదకులకు,

ఈమధ్య మన నల్లగొండ, మహబూబ్‌నగర్ పిల్లలు కూడా స్కూబా డైవింగ్ నేర్చుకోవడానికి అండమాన్, పుదుచ్చేరి, వైజాగ్ దాకా పోతున్నారు, సంతోషమే. 18 మీటర్ల వరకు దిగే మొదటి కోర్సుతో ఆగితే నేను ఈ ఉత్తరం రాసేవాణ్ని కాదు. సరదా డైవింగ్‌కు హద్దుగా పెట్టుకున్న 40 మీటర్లు కూడా దాటించే టెక్నికల్ కోర్సుల్లోనూ డబ్బులు కట్టి హాజరు వేయించుకుంటే చాలు, ఆ లోతుకు దిగొచ్చనే అర్హత కార్డు చేతికొచ్చేస్తోంది. నా బాధ అది.

మా అక్క కొడుకుది హాలియా. సాగర్ కాలువలో ఈత నేర్చినవాడు, నీళ్లంటే భయం లేదు. వారం తిరక్కుండానే టెక్నికల్ కార్డు తెచ్చుకుని కోర్సులో తీసిన వీడియో చూపించాడు. నేనూ కొన్నేళ్లుగా డైవింగ్ చేస్తున్నవాణ్ని కాబట్టి చూస్తుంటే గుండె దడ పుట్టింది. 6 మీటర్ల దగ్గర కదలకుండా ఆగాల్సినవాడు 4కు లేచిపోతున్నాడు, చేతులు ఆడించి మళ్లీ 8కి దిగుతున్నాడు. ఒక సిలిండర్ నుంచి ఇంకో సిలిండర్‌కు గ్యాస్ మార్చేటప్పుడు, ఆ గ్యాస్ ఏ లోతు దాకా పీల్చొచ్చో సిలిండర్ మీద పెద్దగా రాసి ఉన్న అంకె చూడలేదు, పక్కవాడికి చూపించలేదు, గ్యాస్ పీల్చే రెగ్యులేటర్ తీసి నోట్లో పెట్టేసుకున్నాడు. ఎదురుగా ఉన్న ఇన్‌స్ట్రక్టర్ వేళ్లు కలిపి ఓకే అన్నాడు!

నీటిపైన ఉండే ఒక బార్ గాలి ఒత్తిడికి, కిందికి దిగే ప్రతి 10 మీటర్లకు ఇంకో బార్ కలుస్తుంది. సగం ఆక్సిజన్ ఉన్న గ్యాస్‌ను 21 మీటర్ల దగ్గర పీల్చుకోవచ్చు, అదే గ్యాస్‌ను పొరపాటున 45 మీటర్ల దగ్గర పీలిస్తే ఆక్సిజన్ ఒత్తిడి 2.75 బార్ అవుతుంది, 1.6 దాటకూడదని నియమం. అంతలా దాటితే ఫిట్స్ వచ్చి రెగ్యులేటర్ నోట్లోంచి జారిపోవచ్చు, ఇక మనిషి దక్కడు. పోనీ భయమేసిందని పైకి వచ్చేద్దామా అంటే అదీ కుదరదు, ఒంట్లో చేరిన నైట్రోజన్ మెల్లగా బయటికి పోయేదాకా ఆగాలి, లేకపోతే బుడగలు కట్టి వెన్నుపాము కూడా దెబ్బతినొచ్చు. అందుకే ఒకే లోతులో నిలబడటం రానివాడికి ఈ కోర్సులో మిగతావేవీ నేర్పకూడదని నా అభిప్రాయం.

కానీ నేర్పుతున్నదెట్లా? అడుగున మోకాళ్ల మీద కూర్చోబెట్టి ఒకసారి మాస్క్ తీయించి, ఒకసారి వాల్వు మూయించి, అయిపోయిందని టిక్కు పెడుతున్నారు. నీళ్లలో తేలుతూ, చేతిలో వేరే పని ఉండగా, అనుకోకుండా గ్యాస్ పోయిందని చెప్పినప్పుడు చేయగలగాలి, అదీ మళ్లీ మళ్లీ. జీయూఈ అనే డైవింగ్ శిక్షణ సంస్థ తన కార్డుకు 3 ఏళ్ల గడువు పెడుతుంది, నైపుణ్యం సరిపోనివాళ్లకు ముందు తాత్కాలిక పాస్ మాత్రమే ఇస్తుంది. పద్ధతంటే అట్లా ఉండాలి.

2018లో థాయిలాండ్ గుహలోంచి 12 మంది పిల్లల్నీ కోచ్‌నూ బయటికి తెచ్చినప్పుడు ముందు నిలిచింది గుహ డైవింగ్‌లో ఏళ్లకేళ్లు గడిపిన బ్రిటన్ డైవర్లు. ఆ సహాయ చర్యల్లోనే థాయ్ నేవీలో పనిచేసిన సమన్ కునాన్ చనిపోయాడు. అంతటివాళ్లకే అట్లా ఉంటే మా ఊళ్లో మాత్రం, సాగర్‌లో ఎవరైనా మునిగితే ఇక గజ ఈతగాళ్లెందుకు, మీవాణ్ని పిలుద్దాం అని అప్పుడే అంటున్నారు. వరద వచ్చినప్పుడు చాపిన చెయ్యి కూడా కనపడని నీళ్లలోకి, ఆ కార్డు చూసి వాణ్ని దింపుతారేమోనని మా అక్కకు ఒకటే టెన్షన్.

డబ్బు కట్టే తల్లిదండ్రులు దయచేసి ఇన్‌స్ట్రక్టర్‌ను రెండు మాటలు అడగండి: నేర్పడానికి కాకుండా మీ సొంతంగా ఆ లోతుకు చివరిసారి ఎప్పుడు దిగారు, కిందటి బ్యాచ్‌లో ఎవరికైనా కార్డు ఇవ్వకుండా ఆపారా? ఎవర్నీ ఎప్పుడూ ఆపలేదని గొప్పగా చెప్పేచోట మీ పిల్లల్ని చేర్పించకండి.

— ఒక పాఠకుడు, మిర్యాలగూడ