జాబ్స్ ఓడిపోయిన రోజుల సంగతేంటి?

ఎడిటర్ గారికి,

స్టీవ్ జాబ్స్ పోయింది 2011 అక్టోబర్ 5న, 56 ఏళ్లకే. ఆయన్ని తలుచుకున్న ప్రతిసారీ అందరూ ఐఫోన్ దగ్గరే ఆగిపోతారు. నాకైతే 1985లో ఆపిల్ నుంచి బయటికొచ్చేశాక గడిపిన పన్నెండేళ్లే అసలు కథ అనిపిస్తుంది. అప్పుడు పెట్టిన నెక్స్ట్ కంపెనీ కంప్యూటర్లు ఖరీదెక్కువై పెద్దగా అమ్ముడుపోలేదు, కానీ వరల్డ్ వైడ్ వెబ్ కనిపెట్టిన టిమ్ బెర్నర్స్ లీ 1990లో మొట్టమొదటి వెబ్ బ్రౌజర్ రాసింది ఆ మెషీన్ మీదే, తర్వాత ఆపిల్ ఆ కంపెనీనే కొనేసి దాని సాఫ్ట్‌వేర్ మీద తన మ్యాక్ కంప్యూటర్లను నడిపే మ్యాక్ ఓఎస్ ఎక్స్ కట్టుకుంది, ఐఫోన్‌లో ఉన్నదీ ఆ వంశమే. ఫ్లాప్ అంటే ఇదా మరి!

అలాగని ఆయన్ని దేవుణ్ణి చేయక్కర్లేదు. కింద పనిచేసేవాళ్ల మీద విరుచుకుపడేవాడు, కన్న కూతుర్నే మొదట్లో తన బిడ్డ కాదన్నాడు.

ఇంకోటి. ఆయన పోయిన వారానికే డెనిస్ రిచీ చనిపోయారని తెలిసింది. ప్రోగ్రాములు రాసే సీ భాష రిచీ చేసిందే, తోటి ఉద్యోగి కెన్ థామ్సన్ వాళ్లతో కలిసి కంప్యూటర్‌ని నడిపే యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ కూడా. పైన చెప్పిన నెక్స్ట్ సాఫ్ట్‌వేర్‌కి పునాది ఆ యూనిక్సే. జాబ్స్ కోసం కొవ్వొత్తులు వెలిగించినవాళ్లలో ఎంతమందికి ఆ పేరు తెలుసో! ఈసారి జాబ్స్ మీద వ్యాసం వేస్తే రిచీకి ఓ పేరా అయినా ఇవ్వండి.

– ఒక పాఠకుడు