మెషిన్ సంగతి తర్వాత, ముందు మాకు జవాబివ్వండి

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

మీ దగ్గర కొన్న పోర్టబుల్ గ్యాస్ ఎనలైజర్ పనిచేయడం లేదు. ఏం చెడిందో, స్క్రీన్ మీద ఏం కనిపిస్తోందో మీ వాళ్లకు ఇప్పటికే ఎన్నోసార్లు చెప్పాం, మళ్లీ చెప్పే ఓపిక నాకు లేదు. యంత్రమన్నాక పాడవుతుంది, దానికి నేనేం అనను. కానీ నెల దాటినా మీ కంపెనీలో ఒక్క మనిషి కూడా మా మాట చివరిదాకా వినలేదు చూడండి, నా కోపమంతా దాని మీదే.

మొదట మీ టోల్‌ఫ్రీకి ఫోన్ చేశాం. ఆ అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది, సీరియల్ నంబర్ రాసుకుంది, ఆఫ్ చేసి ఆన్ చేయమంది, చేశాం, ఏం మారలేదు. "టికెట్ రైజ్ చేశాను మేడమ్, 48 గంటల్లో ఇంజినీర్ కాల్ చేస్తారు" అంది. ఎవరూ చేయలేదు. మళ్లీ ఫోన్ చేస్తే ఇంకో అబ్బాయి, మళ్లీ సీరియల్ నంబర్ నుంచి మొదలు. వరి చేలోంచి వచ్చే మీథేన్, నైట్రస్ ఆక్సైడ్ కొలిచే మెషిన్ బాబూ అని చెబితే గ్యాస్ అన్న మాట ఒక్కటి పట్టుకుని లీకేజీ విభాగానికి కలిపాడు. అక్కడాయన సిలిండర్ రెగ్యులేటర్ కట్టేశారా అని అడిగాడు. భీమవరం పక్కన పొలం గట్టు మీద, ఎండలో నిలబడి ఉన్న మనిషిని అడిగే మాటేనా అది? మీరు అమ్మే వస్తువు దేనికి వాడతారో మీ ఫోన్లు ఎత్తేవాళ్లకు చెప్పాల్సిన బాధ్యత మీది కాదా?

తర్వాత వీడియో పంపమన్నారు. పంపితే ఫైల్ పెద్దదైంది, చిన్నది పంపమన్నారు. చిన్నది పంపితే స్పష్టంగా లేదన్నారు. చివరికి ఒకరోజు మెయిల్ వచ్చింది, 'కస్టమర్ నుంచి స్పందన లేనందున మీ టికెట్ మూసివేయబడింది' అని. ఆ మెయిల్ చదివాక నాకు ఆ పూట అన్నం సహించలేదు. స్పందించనిది మేమా?

ఇంకో ఆయనైతే, రిపేరు అయ్యేదాకా సిరంజితో గాలి తీసి ల్యాబ్‌కి పంపుకోండి అని సలహా ఇచ్చాడు. ఆ పద్ధతి మాకు తెలీదా అండీ? చేలో మొక్కల మీద గాలి పట్టి ఉంచే డబ్బా మూసి, సున్నా నిమిషం, 10, 20, 30 నిమిషాల దగ్గర సిరంజితో లాగి, సీసాల్లోకి ఎక్కించి, ఊళ్లు దాటించి ల్యాబ్‌లో వంతు కోసం ఎదురుచూడటం మేం ఏళ్ల తరబడి చేసిన పనే. చేలోనే అక్కడికక్కడ లెక్క తెలుస్తుందని మీ సేల్స్ వాళ్లు చెబితేనే కదా ఈ మెషిన్ కొన్నాం.

మా పని ఎందుకు ఆగకూడదో కూడా చెబుతాను. నీళ్లు నిలిచిన మడిలో మట్టికి గాలి అందదు, అందుకే మీథేన్ పుడుతుంది. మధ్యలో చేను ఆరగడితే అది బాగా తగ్గుతుంది. కానీ ఆరిన మట్టిలో యూరియా పడ్డాక నైట్రస్ ఆక్సైడ్ ఒక్కసారిగా లేస్తుంది, కొద్ది రోజుల్లోనే మళ్లీ పడిపోతుంది. వాతావరణ మార్పుల మీద ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం ఐపీసీసీ 2021 నివేదిక లెక్కలో, వందేళ్ల కాలానికి చూస్తే మీథేన్ కార్బన్ డయాక్సైడ్ కంటే 27 రెట్లు, నైట్రస్ ఆక్సైడ్ 273 రెట్లు భూమిని వేడెక్కిస్తాయి. మీథేన్ తగ్గి కలిసొచ్చిన దాంట్లో నైట్రస్ ఆక్సైడ్ వల్ల ఎంత పోయిందో తెలియాలంటే ఆ కొద్ది రోజుల్లోనే కొలవాలి. సరిగ్గా ఆ రోజుల్లోనే మీ టికెట్ 'ప్రాసెస్‌లో ఉంది'.

మా మాట మీద నీళ్లు ఆరగట్టిన రైతు గురించి మీకు తెలియదు. దాళ్వాలో, అంటే రబీ వరిలో, కాలువ నీళ్లు వంతుల వారీగా వస్తాయి. తన వంతు నీళ్లు చేతికొచ్చాక కూడా పెట్టకుండా, నేల కింద 15 సెంటీమీటర్ల లోతుకు నీటిమట్టం దిగేదాకా ఆగాడంటే అది ఆయన మా మీద పెట్టుకున్న నమ్మకం. మట్టి కదిలితే బుడగలు లేచి లెక్క తప్పుతుందని మా కాలేజీ పిల్లలు చెక్కబల్ల మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చుని, ఊపిరి బిగబట్టి డబ్బా మూస్తారు. మూశాక చూస్తే స్క్రీన్ మీద అంకె కదలదు. గట్టు మీంచి ఆ రైతు "ఏమ్మా, ఏం చూపిస్తోంది?" అని అడిగితే ఏం చెప్పమంటారు? మీ ఫోన్ నంబరు ఇవ్వనా?

విజయవాడ దాటి మీ ఇంజినీర్లు రారట, ఈ మాట కొనేటప్పుడు ఎవరూ అనలేదు. ఇంతలో ఏఎంసీ, అదే ఏడాది మెయింటెనెన్స్ ఒప్పందం, రెన్యూవల్ చేసుకోండంటూ మీ సేల్స్ నుంచి ఫోన్. డబ్బు కట్టాల్సినప్పుడు మాత్రం మా నంబరు మీకు వెంటనే దొరుకుతుంది, మేం ఏడ్చినప్పుడు దొరకదు. ఆయనకే మా బాధ చెప్పుకుంటే అది తన డిపార్ట్‌మెంట్ కాదన్నాడు.

మేం మీకు కొత్తవాళ్లం కాదు. మట్టి తేమ సెన్సర్ల దగ్గర్నుంచి మీ దగ్గరే కొంటున్నాం. వేరే కాలేజీల వాళ్లు అడిగితే మీ పేరే చెప్పాం, కొన్ని చోట్ల మా మాట మీదే కొన్నారు కూడా. ఆ విలువ ఏమైనా ఉందా మీ దగ్గర?

ఈ వారంలో ఇంజినీర్ చేను దగ్గరికే రావాలి, లేదా బదులు మెషిన్ పంపాలి. పోయిన కొలతలు ఎలాగూ తిరిగి రావు, పైపాటుగా మిగిలిన యూరియా చల్లే లోపైనా అందాలి. వారంటీ కూడా పోయిన రోజులన్నీ కలిపి పొడిగించి రాతపూర్వకంగా ఇవ్వండి, ఎందుకంటే నోటి మాటలు ఇక నమ్మను. లేదంటే మీ వాళ్లతో జరిగిన ప్రతి సంభాషణ, ఆ మూసేసిన టికెట్ మెయిల్‌తో సహా మా కొనుగోళ్ల కమిటీ ముందు పెడతాను, వచ్చే టెండర్లో మీ పేరు లేకుండా చూస్తాను, కాలేజీ తరఫున లీగల్ నోటీసు కూడా పంపిస్తాం. మీ పేరు చెప్పి కొనిపించిన వాళ్లందరికీ నేనే స్వయంగా ఫోన్ చేసి జరిగింది చెబుతాను.

ఫోన్ చేసేవాళ్లు ఉదయం 9 నుంచి 11 మధ్య చేయకండి, ఆ వేళ కొలతల్లో ఉంటాం. మిగతా టైంలో ఎప్పుడైనా ఎత్తుతాను. ఈసారి సీరియల్ నంబర్ మాత్రం అడగకండి, మీ రికార్డుల్లో ఉంది.

ఇట్లు,
ఫీల్డ్ ఇన్‌చార్జ్,
వరి నేలల ఉద్గారాల కొలత ప్రాజెక్టు, పశ్చిమ గోదావరి జిల్లా