ప్రాక్టీస్ మ్యాచ్‌కి ‘ఘోర పరాజయం’ ఏమిటండీ?

సంపాదకుడు గారికి,

నమస్కారం. పోయిన ఆదివారం మీ ప్రవాస తెలుగు పేజీలో మెల్‌బోర్న్ ఫుటీ, అంటే ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ గురించి చిన్న వార్త వేశారు. మా ఊరి ఆట మన పత్రికలో కనబడటమే అరుదు కాబట్టి ముందు సంబరపడ్డాను. తర్వాత శీర్షిక చదివాను. ‘ప్రాక్టీస్ మ్యాచ్‌లో ఘోర పరాజయం, అభిమానుల ఆగ్రహం’ అని ఉంది. ఆ మ్యాచ్‌కి నేను వెళ్లాను. ఓడింది మా జట్టే. ఆగ్రహం మాట నిజమే, చెవులారా విన్నాను. ఘోరమైన పరాజయం మాత్రం నాకు ఎక్కడా కనబడలేదు.

మా క్లబ్ ఏదో ఇక్కడ రాయడం లేదు. రాస్తే మెల్‌బోర్న్ తెలుగువాళ్లలో సగం మంది ఉత్తరం అక్కడితో మడిచి పక్కన పడేస్తారు.

ఈ ఆట తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఇది సాకర్ కాదు, రగ్బీ కాదు. క్రికెట్ మైదానం మీద, కోడిగుడ్డు ఆకారం బంతితో, జట్టుకి 18 మంది చొప్పున ఆడతారు. బంతిని తన్నొచ్చు, పిడికిలితో గుద్ది పక్కవాడికి అందించొచ్చు, విసరకూడదు. పొడుగు స్తంభాలు రెండింటి మధ్య నుంచి తన్నితే 6 పాయింట్లు, వాటి పక్క సందులోంచి పోతే 1. అసలు సీజన్ మార్చిలో మొదలై సెప్టెంబరులో గ్రాండ్ ఫైనల్‌తో ముగుస్తుంది. దానికి ముందు ఫిబ్రవరి ఎండల్లో ఆడేవి ఈ ప్రాక్టీస్ మ్యాచ్‌లు. గెలిచినా ఓడినా పట్టికలో ఏమీ మారదు. ఒకప్పుడు వీటికీ ఒక కప్పు ఉండేది, 2013తో అదీ పోయింది.

ఆట గురించి పత్రికకి ఉత్తరం ఏమిటని మా ఆవిడ నవ్వింది. ఈ ఆట పుట్టిందే పత్రికకి రాసిన ఉత్తరంతో అని చెప్పాను. 1858 జూలైలో టామ్ విల్స్ అనే క్రికెటర్ ఇక్కడి ఒక పత్రికకి లేఖ రాశాడు, చలికాలంలో క్రికెటర్లు ఒళ్లు పెంచుకుని కూర్చోకుండా ఒక ఫుట్‌బాల్ క్లబ్ పెట్టుకుందామని. మరుసటి ఏడాది మే నెలలో నియమాలు కూడా రాసుకున్నారు. నా ఉత్తరంతో అంత పని జరగదని నాకూ తెలుసు.

ఇక ఆ రోజు సంగతి. మ్యాచ్ పెట్టింది పెద్ద స్టేడియంలో కాదు, శివారులో ఉన్న ఒక పాత మైదానంలో. అసలు ప్రాక్టీస్ మ్యాచ్‌లో ఉన్న మజా అదే. లక్ష మంది పట్టే ఎమ్‌సీజీలో (మెల్‌బోర్న్ క్రికెట్ మైదానంలో) పై అంతస్తులో కూర్చుంటే ఆటగాళ్లు చీమల్లా కనిపిస్తారు. ఇక్కడ నడుము ఎత్తు కంచె, దాని పక్కనే గడ్డి. ఆటగాడు బంతి కోసం పరుగెత్తుకొస్తే ఆయాసం వినిపిస్తుంది, కోచ్ అరిచే అరుపులు వినిపిస్తాయి. మా పాపకి ఎనిమిదేళ్లు, శనివారాలు ఆస్‌కిక్‌లో, అంటే పిల్లలకి ఈ ఆట నేర్పే కార్యక్రమంలో ఆడుతుంది. టోపీ మీద సంతకాలు పెట్టించుకుందామని మార్కర్ పట్టుకుని కంచెకి అతుక్కుపోయి నిలబడింది.

రెండో క్వార్టర్‌లో మా జట్టులోకి కొత్తగా వచ్చిన కుర్రాడొకడు సరిగ్గా మా ముందే బంతి వదిలేశాడు. ఎదుటి జట్టు దాన్ని అందుకుని గోల్ చేసింది. కాసేపటికి మళ్లీ అతని దగ్గరే తప్పు జరిగింది, తన్నిన బంతి నేరుగా ఎదుటివాడి చేతుల్లోకి పోయింది. అంతే, మొదలుపెట్టారు. ఒకాయన, “నిన్ను నా ఫ్యాంటసీ జట్టులో పెట్టుకున్నానురా” అని ఇంగ్లీషులో గొంతు చించుకున్నాడు. ఇంకొకడు ఊరికి పొమ్మన్నాడు. మనవాడొకాయన, చూడబోతే మర్యాదస్తుడిలాగే ఉన్నాడు, తెలుగులో అమ్మని కలిపి తిట్టాడు. ఆ కుర్రాడికి అర్థం కాదని ధైర్యం. మా పాపకి అర్థమైంది. “నాన్నా, ఆ అన్న ఏం చేశాడు?” అని అడిగింది. ఇంట్లో తెలుగులోనే మాట్లాడాలని పట్టుబట్టి నేర్పించింది నేనే మరి.

ఆ కుర్రాడికి పద్దెనిమిదో పంతొమ్మిదో. నవంబరులో క్లబ్‌లు కొత్త ఆటగాళ్లని వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఎంపికైనవాడు. ఏ క్లబ్‌కి వెళ్లాలో ఈ పిల్లలు తేల్చుకోరు, ఏ క్లబ్ పేరు పిలిస్తే అక్కడికి పోవాల్సిందే. పెర్త్‌లో పుట్టినవాడు నాలుగు గంటల విమాన ప్రయాణం దూరాన మెల్‌బోర్న్‌లో దిగి, ముక్కూమొహం తెలియని ఇంట్లో ఉంటూ, వేసవంతా చెమటోడ్చి, మొదటిసారి పెద్దవాళ్లతో కలిసి జనం ముందు ఆడేది ఈ ఫిబ్రవరిలోనే. పెద్ద స్టేడియంలో ఎవరెన్ని తిట్టినా హోరులో కలిసిపోతుంది. ఇక్కడ ఒక్కో మాట విడివిడిగా చెవిన పడుతుంది. ఎవరన్నారో తలతిప్పి చూడొచ్చు కూడా. అతను చూడలేదు. మెడ ఎర్రబడింది, అది మాకందరికీ కనబడింది.

ఓటమి సంగతికి వస్తాను. మా జట్టులో పేరున్నవాళ్లు ఆడింది సగం మ్యాచే. చివరి క్వార్టర్‌కి వాళ్లంతా మోకాళ్లకి ఐస్ కట్టుకుని బెంచీ మీద నీళ్లు తాగుతున్నారు. ఎప్పుడూ వెనక ఉండి కాపలా కాసే ఒకాయన్ని కోచ్ ముందుకు పంపి గోల్స్ కొట్టగలడేమో చూశాడు. కొట్టలేకపోయాడు. మార్చిలో తెలిసొచ్చే బదులు ఫిబ్రవరిలో తెలిసింది, మంచిదేగా. ఇంటర్‌చేంజ్‌కి, అంటే ఆటగాళ్లని మార్చడానికి లెక్కాపత్రం లేకుండా కుర్రాళ్లని దింపుతూ తీస్తూ ఉన్నారు. ఇవేవీ స్కోర్‌బోర్డు మీద రాయరు. ఇంటి దగ్గర ఫోన్‌లో స్కోరు మాత్రమే చూసినవాడికి తెలిసే దారి లేదు. అసలు చూడకుండానే ఎక్కువ మంది కోచ్‌ని పీకేయమన్నారు.

స్కోరు చూసి జాతకం చెప్పేవాళ్లకి 2005 గుర్తు చేస్తాను. ఆ ఏడాది ప్రీసీజన్ కప్పు, అంటే ఇందాక చెప్పిన ఫిబ్రవరి కప్పు, కార్ల్‌టన్ క్లబ్ గెలిచింది. అభిమానులు మెడలో స్కార్ఫ్ తియ్యకుండా తిరిగారు. సీజన్ ముగిసేసరికి 16 జట్లలో 16వ స్థానం. ఇక్కడ దాన్ని చెక్క చెంచా అంటారు. కప్పు ఫైనల్లో వాళ్ల చేతిలో ఓడిన వెస్ట్ కోస్ట్ ఏమో అదే ఏడాది అసలు గ్రాండ్ ఫైనల్ దాకా వెళ్లి 4 పాయింట్ల తేడాతో సిడ్నీ చేతిలో ఓడింది. పోనీ ఒకసారి జరిగిందనుకుందామా? 2007లో కార్ల్‌టన్ మళ్లీ ప్రీసీజన్ కప్పు గెలిచింది, మళ్లీ 15వ స్థానం, మధ్యలోనే కోచ్‌కి ఉద్వాసన. అలాగని ఫిబ్రవరిలో గెలవడం చెడ్డ శకునమూ కాదు. 2000లో ఎసెండన్, 2009లో జీలాంగ్ ప్రీసీజన్ కప్పూ, అసలు టైటిలూ రెండూ గెలిచాయి. అంటే ఫిబ్రవరి స్కోరు చూసి ఏమీ చెప్పలేం, అంతే.

కోచ్‌ని పీకేయమనేవాళ్లకి ఇంకొకటి. 2016లో రిచ్‌మండ్ 13వ స్థానంలో నిలిచింది. బోర్డునే దించేయాలని ఒక వర్గం బయల్దేరింది. క్లబ్ కదల్లేదు, కోచ్ డేమియన్ హార్డ్‌విక్‌ని ఉంచేసింది. 2017లో అదే జట్టు, అదే కోచ్, 1980 తర్వాత మొదటి టైటిల్. తర్వాత 2019, 2020ల్లో మరో రెండు. అందరు కోచ్‌లూ హార్డ్‌విక్‌లు కారనుకోండి. మా కోచ్ మీద నాకూ అనుమానాలున్నాయి, జూన్‌లో చెబుతాను.

మనకి ఆటగాళ్లని తిట్టడం కొత్త కాదు. 2007 వరల్డ్ కప్‌లో బంగ్లాదేశ్ చేతిలో ఓడితే రాంచీలో ధోనీ కట్టుకుంటున్న ఇంటి మీద పడ్డారు. అదీ తప్పే, కానీ కనీసం అది వరల్డ్ కప్. ఇక్కడ ఏ లెక్కలోకీ రాని ఆటకి పిల్లాడి మీద పడుతున్నాం. టార్నీట్, పాయింట్ కుక్, క్రెయిగీబర్న్ లాంటి మెల్‌బోర్న్ శివార్ల నుంచి మనవాళ్లు కుటుంబాలతో ఈ ఆటకి వస్తున్నారంటే నాకు గర్వంగా ఉంటుంది. వచ్చిన ఆరు నెలలకే, బంతి వదలకుండా పట్టుబడ్డవాడికి ఫౌల్ ఇవ్వమని అంపైర్ మీద ‘బా...ల్’ అని అరవడం నేర్చేసుకుంటాం. ఆ అరుపు వరకూ ఓకే.

నా పక్కన మడత కుర్చీలో ఒక పెద్దావిడ కూర్చుంది. చిన్నప్పటి నుంచీ ఈ క్లబ్ సభ్యురాలట. ఇంత గోలలోనూ నోరు విప్పలేదు. ఏం చూస్తున్నారని అడిగాను. “బంతి పోగొట్టుకున్నాక వెనక్కి పరుగెత్తుతున్నాడా లేదా, ఫిబ్రవరిలో నేను చూసేది అదొక్కటే” అంది. అప్పటి నుంచి నేనూ అదే చూశాను. ఆ కుర్రాడు ప్రతిసారీ పరుగెత్తాడు.

క్లబ్‌ల తప్పూ లేకపోలేదు. గేటు దగ్గర మాంసం పైలు, చిప్స్, కొత్త జెర్సీలు అమ్మడానికి బల్లలు వేస్తారు. ఈ రోజు ఎవరు ఎన్ని క్వార్టర్లు ఆడతారు, ఎవరిని కొత్త స్థానంలో ప్రయత్నిస్తున్నారు అన్నది ఒక పలక మీద రాసి పెట్టడానికి ఎంత ఖర్చు? వ్యూహం బయట పెట్టమనడం లేదు. ఫలానా వాళ్లు సగమే ఆడతారని ముందే తెలిస్తే సగం తిట్లు ఆగిపోతాయి. నన్నడిగితే ఆ రోజు స్కోర్‌బోర్డుకి గోనెపట్టా కప్పేయాలి. కొన్ని ప్రాక్టీస్ ఆటలు ఇప్పటికే గేట్లు మూసి ఆడుతున్నారు. అరుపులు ఇలాగే సాగితే మిగతావీ మూసేస్తారని నా భయం. అప్పుడు మా పాప ఆటగాళ్లని పై అంతస్తు నుంచి చీమల్లా చూడాల్సిందే.

మ్యాచ్ అయ్యాక పిల్లల్ని మైదానంలోకి వదిలారు. ఆ కుర్రాడు కంచె వెంట వరుసగా సంతకాలు పెడుతూ మా దగ్గరికొచ్చాడు. టోపీ అందుకుని, నువ్వు ఏ స్థానంలో ఆడతావని పాపని అడిగాడు. ఎప్పుడూ వాగుతూ ఉండే పిల్ల జవాబు చెప్పలేక నా వైపు చూసింది. తెలుగులో తిట్టిన పెద్దమనిషి కూడా ఫోన్ తీసి అతనితో సెల్ఫీ దిగాడు.

అయ్యా, మీ విలేకరికి చిన్న మనవి. మార్చిలో మొదటి రౌండ్ మ్యాచ్ ఉంది. అందులో మేం ఓడిపోతే ‘ఘోర పరాజయం’ అని ఎంత పెద్ద అక్షరాలతోనైనా వేసుకోండి, నేను ఉత్తరం రాయను.

ఇట్లు,
టార్నీట్, మెల్‌బోర్న్ నుంచి
ఒక పాఠకుడు