'నిజ కథ' కార్డు వెనక కాగితం ఉండాలి: సినిమాటోగ్రఫీ మంత్రి గారికి బహిరంగ లేఖ

నల్లగొండ

గౌరవనీయులైన తెలంగాణ సినిమాటోగ్రఫీ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఈ మధ్య ఏ ఓటీటీ తెరిచినా, ఏ హాలుకు పోయినా మొదట కనబడేది 'నిజ సంఘటనల ఆధారంగా' అనే కార్డే. మంజుమ్మల్ బాయ్స్, ట్వెల్త్ ఫెయిల్, తండేల్ మన జనం ఇష్టంగానే చూశారు. ఆ కార్డు వెనక ఏముందని అడిగే పద్ధతి మాత్రం మన దగ్గర లేదు. సర్కారు నుంచి అవార్డో, పన్ను మినహాయింపో, టికెట్ రేటు పెంపో కోరే ప్రతి 'నిజ కథ' సినిమా, డాక్యుమెంటరీ ఒక ఆధారాల స్క్రిప్టు దాఖలు చేయాలని మీరు జీవో ఇవ్వాలి. మేం అడిగేది ఇంతే.

ఇదేమీ కొత్త కనిపెట్టుడు కాదు. అమెరికాలో ఇన్సూరెన్స్ కోసం, లాయర్ల కోసం ఎప్పటి నుంచో చేస్తున్నదే. షూటింగ్ స్క్రిప్టు మార్జిన్‌లో ప్రతి సీనుకూ ఒక గుర్తు పెడతారు: జరిగింది, జరిగి ఉండొచ్చు, కల్పన. 'జరిగింది' అని పెడితే ఏ తీర్పులో ఎన్నో పేజీ, ఏ తేదీ పేపరు, ఎవరి ఇంటర్వ్యూలో ఎన్నో నిమిషం అన్నది పక్కనే రాయాలి. పాత్రలకు వేరే పట్టిక ఉంటుంది. అసలు మనిషేనా, పేరు మార్చారా, ముగ్గుర్ని కలిపి ఒకరిని చేశారా అన్నది అందులో తేలుతుంది. రాసేటప్పుడే చేసుకుంటే సీనుకు రెండు లైన్ల పని. సినిమా అయిపోయాక కూర్చుంటే మాత్రం ఏ డైలాగ్ ఎక్కడి నుంచి వచ్చిందో రాసినవాళ్లకే గుర్తుండదు.

2021లో వచ్చిన జై భీమ్ గట్టి సినిమా. తమిళనాడులో 1993 నాటి లాకప్ మరణం కేసు, వాదించిన లాయరు కె. చంద్రు, అన్నీ అసలువే. కానీ లాకప్‌లో చనిపోయిన మనిషి కురవర్ కులస్థుడైతే సినిమాలో ఇరులర్ తెగవాడు అయ్యాడు. దర్శకుడికి కారణం ఉండొచ్చు, మార్చే హక్కూ ఉంది. మార్చామన్న ముక్క ఒక కాగితం మీద ఉంటే చూసేవాడు మోసపోడు, ఆ కులంవాళ్లూ తమ బాధ వేరేవాళ్ల ఖాతాలో పడిందని నొచ్చుకోరు. 2024లో బేబీ రెయిన్‌డీర్ సిరీస్ ముందు 'ఆధారంగా' అన్న మాట వదిలేసి 'ఇది నిజ కథ' అని వేశారు. అందులో హీరోను వెంటాడి వేధించే పాత్ర తనదేనన్న మహిళ 17 కోట్ల డాలర్లకు దావా వేసింది. పరువు నష్టం కేసు నడవొచ్చని జడ్జి అన్నప్పుడు ఆ కార్డు మాట కూడా లెక్కలోకి వచ్చింది. ఒక్క మాట తేడా!

ఇక మన కథల సంగతి. నిజాం కాలపు తెలంగాణ సాయుధ పోరాటం మీద సినిమా అంటే గడీ, గుర్రం, వెట్టి, తుపాకీ ఉంటే చాలనుకుంటున్నారు. మిర్యాలగూడ వైపు పచ్చటి వరి మడుల్లో కెమెరా పెట్టి 1946 అంటారు. నాగార్జున సాగర్‌కు శంకుస్థాపన జరిగిందే 1955 డిసెంబరులో, కాలువలకు నీళ్లొచ్చింది 1967లో. అంతకు ముందు ఈ నేల జొన్న, ఆముదం నేల. చెరువు కింద, మోట బావి కింద పారినంతే వరి. వెనకాల సర్కారు తుమ్మ, కరెంటు స్తంభం కనబడినా పర్వాలేదు, చెరిపేయొచ్చు. పంటే తప్పయితే కథే తప్పుతుంది, ఎందుకంటే ఆ కొట్లాట వెట్టి మీదే కాదు, భూమి కోసం కూడా.

తేదీల దగ్గర ఇంకా జారతారు. నిజాం కాలపు కాగితాలు ఉర్దూలో, ఫస్లీ అనే అప్పటి రెవెన్యూ సంవత్సరం లెక్కలో ఉంటాయి. 590 కలిపితే మన సంవత్సరం వస్తుందని ఎవరో చెబుతారు, వీళ్లు కలిపేస్తారు. హైదరాబాద్ ఫస్లీ సంవత్సరం అక్టోబరులో మొదలవుతుంది గనుక అక్టోబరు నుంచి డిసెంబరు దాకా 590, జనవరి నుంచి 591 కలపాలి. అప్పటి నల్లగొండ జిల్లా కడవెండిలో ఆ పోరాటపు తొలి అమరుడు దొడ్డి కొమరయ్య నేలకొరిగింది 1946 జులై 4న, అంటే 1355 ఫస్లీ. దానికి 590 కలిపి చూడండి, ఏడాది వెనక్కి పోతుంది. నిజాం వైపు నిలిచిన రజాకార్ల దళం మీద రజాకార్ సినిమా వచ్చినప్పుడు రెండు వైపులా గొంతులు చించుకున్నారు. ఇలాంటి కాగితం ముందుంటే ఏ సీను దగ్గర కొట్లాడాలో అయినా తెలిసేది.

బాగా తీసినవీ ఉన్నాయి. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన, ఆసు మిషను కనిపెట్టిన చింతకింది మల్లేశం మీద 2019లో వచ్చిన సినిమా చూడండి. చీర ఆసు పోయాలంటే, అంటే నేతకు ముందు దారం సిద్ధం చేయాలంటే, అర్ధచంద్రాకారపు చెక్క మీది మేకుల చుట్టూ దారాన్ని దాదాపు 9,000 సార్లు తిప్పాలి. భుజం ఎందుకు పడిపోతుందో ఆ చెయ్యిని చూస్తేనే అర్థమవుతుంది. ఆయన మిషను పని 1992లో మొదలై 1999 దాకా సాగింది. ఏడేళ్లను రెండు గంటలకు కుదించడం తప్పు కాదు. ఆధారాల స్క్రిప్టులో 'కాలం కుదించాం' అని రాస్తే సరిపోతుంది.

డాక్యుమెంటరీలకు ఇంకో షరతు పెట్టండి. సర్కారు డబ్బుతో తీస్తే కోయని ఇంటర్వ్యూలన్నీ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు అప్పగించాలి. 1948 పోలీసు చర్య నాటికి పదేళ్ల పిల్లలు ఇప్పుడు తొంభైకి దగ్గరపడ్డారు. వాళ్లను 'ఏ సంవత్సరం?' అని అడిగితే ఏదో ఒకటి చెప్పేస్తారు. 'జొన్న కోతకు ముందా, తర్వాతా?' అని అడిగితే నెల దొరుకుతుంది. ఫ్యాను, కూలరు బంద్ చేయాలి. కాలర్ మైకుతో పాటు ఇంకో రికార్డరు నడవాలి. చివర అర నిమిషం ఎవరూ మాట్లాడకుండా ఆ గది చప్పుడు పట్టుకోవాలి, లేకపోతే ఎడిటింగ్‌లో అతుకులు వినబడతాయి. వేలిముద్ర వేసే పెద్దమనిషికి ఒప్పంద పత్రం కెమెరా ముందే తెలుగులో చదివి వినిపించాలి. పాట ఎత్తుకుంటే పూర్తయ్యేదాకా కట్ చెప్పొద్దు. ఫైళ్లు మూడు కాపీలు, రెండు వేర్వేరు ఊళ్లలో ఉండాలి. పెన్‌డ్రైవ్ కాపీ కింద లెక్క కాదు.

ఎడిట్ అయ్యాక, విడుదలకు ముందు, కెమెరా ముందు కూర్చున్నవాళ్లకు చూపించడం కూడా షరతే కావాలి. ఆస్కార్ నామినేషన్ దాకా పోయిన రైటింగ్ విత్ ఫైర్ డాక్యుమెంటరీ మీద, అందులో కనబడిన ఖబర్ లహరియా అనే మహిళల వార్తా సంస్థ జర్నలిస్టులే 2022లో ప్రకటన ఇచ్చారు, ఒకే పార్టీ వార్తలు రాసేవాళ్లమన్నట్టు చూపారని. చూపించినంత మాత్రాన మార్చమని హుకుం చేసే హక్కు వాళ్లకు రాదు. వాళ్ల అభ్యంతరం ఫైలులో ఉంటుంది.

ఒక భయం మాకూ ఉంది. దీన్ని ఇంకో సెన్సారు చేయకండి. కమిటీ వద్దు, ఆమోదం వద్దు, ముద్ర వద్దు. దాఖలు చేస్తే చాలు. ప్రాణభయంతో మాట్లాడినవాళ్ల పేర్లు సీలు కవరులో ఉండనివ్వండి. సినిమా విడుదలైన ఆరు నెలలకు మిగతా ప్రతిని నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లా గ్రంథాలయాల్లో ఎవరైనా తెరిచి చదువుకునేటట్టు పెట్టండి. సర్కారు సాయం అడగని నిర్మాత జోలికి పోవద్దు.

2025 జూన్‌లో గద్దర్ పేరు మీద సినిమా అవార్డులు ఇచ్చారు. వచ్చేసారి దరఖాస్తు ఫారంలో 'నిజ సంఘటనల ఆధారంగా తీసినదా? అయితే ఆధారాల స్క్రిప్టు జతపరచండి' అని ఒక్క గడి చేరిస్తే జీవో వచ్చేదాకా ఆగాల్సిన పని కూడా లేదు. ఫారం అచ్చుకు పోకముందే చూడగలరు.

ఇట్లు,
నల్లగొండ, పాలమూరు సినిమా ప్రేక్షకులు కొందరు