లీటర్లతో పాటు వీపునూ కొలవాలి

సంపాదకులకు నమస్కారం.

సెలవుల సందర్భంగా కొండదారుల నడకకు, గుడారాల బసకు కావలసిన సామగ్రి గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. ఇటువంటి విషయాలకు తెలుగు పత్రికలో పూర్తి పేజీ కేటాయించడం సంతోషకరమే. అయితే అందులో వీపు సంచుల గురించి చెప్పినదంతా లోపల ఎంత సామాను పడుతుందనే లీటర్ల లెక్క చుట్టూ, రంగులూ జేబుల చుట్టూ తిరిగిందే తప్ప, వాటిని మోయవలసిన మనిషి ఒళ్లు ఎక్కడా ప్రస్తావనకు రాలేదు. చాలా ఏళ్లుగా ట్రెక్కింగ్ బృందాల వెంట నడుస్తున్నాను. కొత్తగా వచ్చేవారి సంచులు సరిచేసిపెట్టే పని తరచుగా నా మీదే పడుతుంది కనుక, ఆ వ్యాసం వదిలేసిన సంగతులు కొన్ని మీ పాఠకుల దృష్టికి తేవాలనుకుంటున్నాను.

మొదట కొనే వరుస గురించి చెప్పాలి. ట్రెక్కింగ్‌కు వెళ్లాలన్న ఉత్సాహం కలగగానే చాలామంది ముందు సంచి కొని, ఆ తరువాత అందులో పెట్టవలసిన వాటి కోసం వెతుకుతారు. ఇది తలకిందుల పద్ధతి. గుడారం, లోపల దూరి పడుకునే స్లీపింగ్ బ్యాగ్, కింద పరుచుకునే మ్యాట్, ఈ మూడే సంచిలో ఎక్కువ చోటు తీసుకుంటాయి. అవి చుట్టి పెడితే ఎంత అవుతాయో, ఎంత తూగుతాయో తెలిశాకే ఎంత సంచి కావాలో తేలుతుంది. పగటి నడకకు 20 నుంచి 30 లీటర్లు, ఒకటి రెండు రాత్రుల బసకు 30 నుంచి 50, అంతకు మించిన ప్రయాణానికి 50 నుంచి 70 లీటర్లు అని సాధారణంగా చెప్పే లెక్కలో తప్పేమీ లేదు గానీ, అది ఎండాకాలానికీ చలికాలానికీ ఒకేలా వర్తించదు. దళసరి స్లీపింగ్ బ్యాగ్ ఒక్కటే చిన్న సంచిలో సగం మింగేస్తుంది. అలాగని ముందుజాగ్రత్త పేరుతో అన్నిటికంటే పెద్దది కొనడమూ మంచిది కాదు. ఖాళీ కనబడితే చెయ్యి ఊరుకోదు: ఇంకో జత బట్టలు, ఇంకో దుప్పటి, ఎందుకైనా మంచిదనుకున్న ప్రతి వస్తువూ అందులోకి చేరుతుంది.

నిండిన సంచి బరువు మోసే మనిషి బరువులో అయిదో వంతుకు మించరాదని, పగటి నడకైతే పదో వంతు దగ్గరే ఆగాలని అనుభవం ఉన్నవారు చెబుతారు. 60 కిలోల మనిషికి అది 12 కిలోలు. పెద్ద సంచుల్లో చాలావాటి ఖాళీ బరువే రెండు కిలోల దాకా ఉంటుంది, అంటే ఏమీ పెట్టకముందే ఆరో వంతు ఖర్చయిపోయిందన్నమాట. తాగునీరు లీటరుకు ఒక కిలో చొప్పున వేరుగా లెక్కపెట్టుకోవాలి. ఇంట్లో తూచుకునేటప్పుడు అందరూ మరచిపోయేది దీన్నే.

ఇక అసలు విషయమైన వీపు పొడవు. రెండు సంచులు ఒకే లీటర్లవైనా ఒకటి ఒకరికి సరిపోయి మరొకరికి సరిపోకపోవడానికి కారణం ఇదే. తల ముందుకు వంచినప్పుడు మెడ అడుగున వేలికి తగిలే పెద్ద ఎముక దగ్గర టేపు పెట్టాలి. రెండు చేతులూ నడుము మీద ఉంచి, తుంటి ఎముకల పై అంచులను తడిమి పట్టుకుంటే బొటనవేళ్లు వెనుక వెన్ను వైపు చూపిస్తాయి. ఆ రెండు బొటనవేళ్లను కలిపే గీత దాకా, వెన్ను వంపు వెంబడి టేపును దించాలి. పెద్దవారిలో చాలామందికి ఈ కొలత సుమారు 40 నుంచి 55 సెంటీమీటర్ల మధ్య వస్తుంది. మనిషి ఎత్తుకూ దీనికీ నేరుగా సంబంధం లేదు. పొడుగాటి కాళ్లతో ఆరడుగులు ఉన్నవారికి పొట్టి వీపు ఉండవచ్చు, వారికంటే అరడుగు తక్కువైనవారికి అదే కొలత రావచ్చు. ఎవరికి వారు కొలుచుకోవడం కుదరదు కనుక రెండో మనిషి సాయం తప్పనిసరి. మంచి తయారీదారులు ఒకే సంచిని రెండు మూడు వీపు కొలతల్లో ఇస్తారు, లేదా భుజాల పట్టీలను పైకీ కిందికీ జరుపుకునే వీలు కల్పిస్తారు. ఆడవారి కోసమని ప్రత్యేకంగా కుట్టిన వాటిలో వీపు పొట్టిగా, భుజాల పట్టీలు కాస్త దగ్గరగా, నడుము పట్టీ వంపు వేరుగా ఉంటాయి. సన్నటి ఒళ్లున్న మగవారికి కూడా అవే బాగా కుదిరిన సందర్భాలు నేను చూశాను.

కొలత ఎందుకింత ముఖ్యమో తెలియాలంటే బరువు ఎక్కడ కూర్చుంటుందో చూడాలి. అమెరికాలో డిక్ కెల్టీ 1952లో అల్యూమినియం చట్రంతో సంచులు తయారుచేసి అమ్మడం మొదలుపెట్టి, వాటికి నడుము పట్టీని జోడించి ప్రచారంలోకి తెచ్చాడు. అంతకుముందు నడకదారులు వాడిన సంచుల్లో చాలావరకు భుజాల మీదే వేలాడేవి. నడుము పట్టీ తుంటి ఎముకల మీద సరిగా కూర్చుంటే భారంలో అధిక భాగం కాళ్లకు దిగుతుంది, భుజాల పట్టీలు సంచి వెనక్కి వాలకుండా పట్టుకుంటాయి. వీపు కొలత తప్పితే ఆ పట్టీ పొట్ట మీదకైనా ఎక్కుతుంది, తొడల వైపైనా జారుతుంది. ఒక ఎక్కుడులో మా బృందంలోని ఒక కుర్రవాడు అడుగడుగునా భుజాలు ఎగరేసుకుంటూ నడవడం గమనించి ఆపి చూస్తే, అతని 70 లీటర్ల సంచికి ఉన్న చక్కటి దళసరి నడుము పట్టీ బకిల్ పెట్టకుండానే రెండు పక్కలా వేలాడుతోంది. పెట్టి చూడమంటే అది బొడ్డు పైన బిగిసింది. భుజాల మీద పట్టీల వెంబడి చొక్కా చెమటకు అతుక్కుపోయి, కింద చర్మం కందిపోయి ఉంది. ఆ సంచి చవకది కాదు, పైగా వ్యాసాల్లో మెచ్చుకునే రకమే. కాకపోతే అది ఇంకొకరి వీపుకు కుట్టినది.

అందువల్ల ఖాళీ సంచిని తగిలించుకుని అద్దంలో చూసుకుని కొనడం వ్యర్థం. ఎనిమిది, పది కిలోల బరువు అందులో పెట్టించుకుని, పట్టీలన్నీ వదులు చేసి వేసుకోవాలి. ముందుగా నడుము పట్టీని తుంటి ఎముకల మీదకు తెచ్చి బిగించి, తరువాత భుజాల పట్టీలు, ఆపైన భుజం మీద నుంచి సంచి పై అంచుకు ఏటవాలుగా వెళ్లే చిన్న పట్టీలు, చివరగా ఛాతీ పట్టీ లాగాలి. అప్పుడు భుజానికీ పట్టీకీ మధ్య సందు కనబడకూడదు, అలాగని బరువంతా అక్కడే ఆనకూడదు. ఇరవై నిమిషాలు తిరగాలి, మెట్లుంటే ఎక్కి దిగాలి. అమ్మేవారు విసుక్కున్నా సరే. సర్దేటప్పుడు కూడా ఇదే ధ్యాస ఉండాలి: స్లీపింగ్ బ్యాగ్ అడుగున, బరువైనవి వీపును ఆనుకుని మధ్యలో, త్వరగా చేతికి అందవలసినవి పైన. బరువు బయటి వైపు ఉంటే మనిషిని వెనక్కి లాగేస్తుంది.

మీ వ్యాసంలో మరొక మాట నన్ను కలవరపెట్టింది. ఒక స్లీపింగ్ బ్యాగ్ మీద ఉన్న అతి తక్కువ ఉష్ణోగ్రతను చూపి, అంత చలిలోనూ హాయిగా పడుకోవచ్చని రాశారు. ఆ అంకె అర్థం అది కాదు. ఐరోపాలో 2002లో వచ్చి, తరువాత ఐఎస్ఓ 23537 పేరిట అంతర్జాతీయ ప్రమాణమైన పద్ధతిలో వేడిచేసిన మనిషి బొమ్మను స్లీపింగ్ బ్యాగ్‌లో ఉంచి పరీక్షించి, వేర్వేరు ఉష్ణోగ్రతలు నిర్ణయిస్తారు. మొదటిది సుఖంగా నిద్రపట్టే హద్దు, దీన్ని సగటు స్త్రీని దృష్టిలో పెట్టుకుని లెక్కిస్తారు. రెండోది సగటు పురుషుడు ముడుచుకుని పడుకుని ఎలాగో చలికి తట్టుకునే హద్దు. వీటికి దిగువన ఉండే చివరి అంకె ప్రాణం దక్కించుకునేందుకు సంబంధించినది. ఆ చలిలో శరీర ఉష్ణోగ్రత ప్రమాదకరంగా పడిపోయే అవకాశం ఉంటుంది. కొనేవారు చూసుకోవలసింది మొదటి అంకెనే, అది కూడా తాము వెళ్లే చోట రాత్రి పడే చలికి కొంత మిగులు ఉండేలా. ఈ పరీక్షలు కింద మ్యాట్ ఉందనే ఊహ మీద జరుగుతాయి. ఒంటి బరువుకు అణగిపోయిన దూదికీ ఈకలకూ వెచ్చదనం నిలిపే శక్తి ఉండదు కనుక, నేల చలిని ఆపేది మ్యాటే. దాని సామర్థ్యాన్ని ఆర్ విలువగా చెబుతారు, ఎక్కువైతే అంత మంచిది; రెండు మ్యాట్లు ఒకదాని మీద ఒకటి వేస్తే ఆ విలువలు కలుస్తాయి. ఖరీదైన స్లీపింగ్ బ్యాగ్ కొని పల్చటి చాప మీద పడుకుని రాత్రంతా వణికేవారు ప్రతి బృందంలోనూ ఒకరైనా ఉంటారు. ఈకలు నింపిన స్లీపింగ్ బ్యాగులు తేలిక, బాగా అణుగుతాయి, కానీ తడిస్తే కొరగావు. వానలకు కృత్రిమ దూది నింపినవే నయం.

వాన సంగతి వచ్చింది కనుక, సంచి మీద తొడిగే కవరును నమ్ముకోవద్దని కూడా చెప్పాలి. అది వీపు వైపును కప్పదు, గాలికి ఊడిపోతుంది, పట్టీల వెంట దిగే నీరు లోపలికే చేరుతుంది. లోపల దళసరి ప్లాస్టిక్ సంచి ఒకటి పరిచి, బట్టలూ స్లీపింగ్ బ్యాగ్ అందులో పెట్టి మూతి మెలిపెట్టి మడిస్తే అంతకంటే మేలైన రక్షణ. గుడారం మీద ఇద్దరికి అని రాసి ఉంటే రెండు మ్యాట్లు పక్కపక్కనే పడతాయని మాత్రమే అర్థం, సామానుకు చోటు లెక్కలో లేదు. వాన ఎంత కురిసినా గుడారం లోపల పొయ్యి వెలిగించకూడదు. మంట నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, దానివల్ల మనుషులు నిద్రలోనే పోతారు. బూట్లు సాయంత్రం పూట, నడకకు వాడే మేజోళ్లతోనే వేసుకుని చూడాలి, ఎందుకంటే పాదాలు నడిచేకొద్దీ వాస్తాయి. చలి ప్రదేశాలకు నూలు బట్టలు వద్దు, అవి తడిస్తే ఆరవు.

ఇదంతా చదివి ట్రెక్కింగ్ డబ్బున్నవారికేనని ఎవరూ అనుకోనక్కరలేదు. ఎమ్మా గేట్‌వుడ్ అనే అమెరికా మహిళ 1955లో, 67 ఏళ్ల వయసులో, మూడు వేల కిలోమీటర్లకు పైబడిన అపలాచియన్ దారిని ఒంటరిగా నడిచి పూర్తిచేశారు. ఆమె దగ్గరున్నది తాను స్వయంగా కుట్టుకుని ఒక భుజాన వేసుకున్న గుడ్డ సంచి, ఒక దుప్పటి, వాన కోటు, కప్పుకోవడానికి ఒక ప్లాస్టిక్ తెర. అయితే ఈ కథను చెప్పి బరువు తగ్గించుకునే ఉబలాటంలో టార్చిలైటు, ప్రథమ చికిత్స పెట్టె, దారి పటం, వానకోటు తీసి పక్కన పడేసే కుర్రకారును చూస్తే నాకు కోపం వస్తుంది. ఆమె తగ్గించుకున్నది సుఖాన్ని. వాన కోటును వెంట తీసుకునే వెళ్లింది.

ఒకటి రెండు ప్రయాణాలకే అయితే అద్దెకో, తెలిసినవారి దగ్గర అరువుకో తెచ్చుకోవడం మేలు. అప్పుడు నడుము పట్టీ బకిల్ పగలలేదని, జిప్పులు మధ్యలో విడిపోవడం లేదని చూసుకోవాలి. సంచిని లేదా గుడారాన్ని లోపలి నుంచి తడిమితే పూత జిగురుగా తగిలినా, పొరలు పొరలుగా రాలినా, దానికి వాన ఆపే శక్తి పోయిందని గ్రహించి వదిలేయాలి.

చివరగా ఒక మనవి. ఇకపై మీ పత్రిక ఇటువంటి సామగ్రిని పరిచయం చేసేటప్పుడు సంచి లీటర్లతో పాటు దాని ఖాళీ బరువును, అది సరిపోయే వీపు కొలతను, స్లీపింగ్ బ్యాగ్ అయితే సుఖనిద్రకు చెప్పిన ఉష్ణోగ్రతను, మ్యాట్ అయితే ఆర్ విలువను తప్పకుండా ముద్రించండి. తయారీదారులు ఆ వివరాలు ఇవ్వకపోతే, ఇవ్వలేదన్న సంగతినే ఒక వాక్యంలో రాయండి. ఫోటోలకు ఇచ్చిన చోటులో పావు వంతు ఇందుకు చాలు.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు