పాత గుళ్ల మరమ్మతుల విషయమై నల్లగొండ జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కలెక్టర్ గారికి నమస్కారాలు.

పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో శివలింగం మీద పగలంతా నిలిచే నీడ స్తంభాల అమరిక వల్లా, వాటి నడుమ నుంచి వచ్చే వెలుతురు వల్లా ఏర్పడుతున్నది. కనుక అక్కడ కాపాడవలసింది రాళ్లనే కాదు, వాటి మధ్యనున్న ఖాళీని కూడా.

ఊహ మొదలైన చోట పునరుద్ధరణ ఆగిపోవాలనీ, కొత్తగా చేర్చిన రాయి కట్టడంలో ఒదిగి ఉంటూనే కొత్తదని తెలియాలనీ పాత కట్టడాల పరిరక్షణపై 1964లో కుదిరిన అంతర్జాతీయ వెనిస్ ఒడంబడిక చెబుతున్నది. పూజలందుకునే గుడికి ఇది పూర్తిగా సరిపోదని ఎరుగుదును. మన జీర్ణోద్ధరణ సంప్రదాయం భగ్నమైనదాన్ని మార్చమంటుంది. అయినా మార్చడం వేరు, చెరిపేయడం వేరు. మా మండలంలోని ఒక పాత శివాలయం ద్వారబంధానికి భక్తితోనే ఎనామిల్ రంగు పూయగా లతల చెక్కడమంతా పూడిపోయింది. (ఆ రంగుకు నేనూ చందా ఇచ్చాను.) సున్నపు గార స్థానంలో సిమెంటు నింపితే తేమ బయటికి పోయే దారి మూసుకుపోయి, లవణాలు పేరుకొని, రాయి పొరలుగా రాలుతుంది.

శ్రీశైలం జలాశయం ముంపు నుంచి కాపాడడానికి, కృష్ణా తుంగభద్రల సంగమం దగ్గరి కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి ఆలంపురంలో తిరిగి నిలబెట్టారు. గుడి దక్కింది, సంగమం దక్కలేదు. అది తప్పనిసరి నష్టం. మనం చేస్తున్నవి తప్పించుకోగలిగినవి.

కాబట్టి ఏ గుడిలోనైనా పని మొదలుపెట్టకముందే కొలతలతో కూడిన పటాలు, ఛాయాచిత్రాలు తీయించి, ఏ రాయిని ఎందుకు మారుస్తున్నారో ఆ ఊరివారికి తెలుగులో రాతపూర్వకంగా తెలియజేయించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
నల్లగొండ వాసి